తొట్టెల కొండ్లు

గంగయ్య ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు మనిషి మొహం చూడడు, కప్పు చూస్తాడు. పెళ్ళికి పోయినా అంతే, పరామర్శకు పోయినా అంతే. "మా ఆయనకు కండ్లు నెత్తికెక్కినయి, ఏమనుకోకుండ్రి" అని భార్య శంకరమ్మ పదిమందిలో అననే అంటుంది. అతనికి కోపం రాదు. ముప్పై ఏళ్ళుగా తింటున్న తిండి ఆ కప్పుల పుణ్యమే మరి.

అతనిది ఫాల్స్ సీలింగ్ పని. కాపురం ఆత్మకూరులో, పనులు ఎక్కువగా వనపర్తిలో. పొద్దున్నే సద్దిగిన్నె పట్టుకుని మొగుడూ పెళ్ళాం ఒకే బస్సెక్కుతారు. శంకరమ్మ పీఓపీ, అంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పౌడర్‌లో నీళ్ళు పోసి కలుపుతుంది, గంగయ్య పైనెక్కి పూస్తాడు. నీళ్ళు పడ్డ పౌడర్ పది నిమిషాల్లో రాయిలా బిగుసుకుంటుంది కాబట్టి కలిపే చెయ్యీ పూసే చెయ్యీ ఒక్కమాట మీద ఉండాలి. వాళ్ళ కాపురంలో ఇద్దరూ ఒక్కమాట మీద ఉండేది ఆ పది నిమిషాలే.

ఈ కాలంలో ఇల్లు కట్టుకునేవాళ్ళకు గోడలకన్నా కప్పు మీదే మోజు. ఒకరు మెట్లు మెట్లుగా దిగాలంటారు, ఒకరు అంచుల్లో లైట్లు దాచమంటారు, ఒకరికి గళ్ళు గళ్ళుగా ఉండాలి, ఇంకొకరికి కర్రలా కనిపించే పట్టీలు కావాలి. ఫోన్‌లో ఫోటో చూపించి "డిట్టో గిట్లనే" అంటారు. గంగయ్య చేసిపెడతాడు. చేయించుకున్నవాడు వారం రోజులు తలెత్తి చూస్తాడు, నెల రోజులు చుట్టాలకు చూపిస్తాడు, ఆ తర్వాత ఫ్యాన్ ఆగిపోతే తప్ప అటు కన్నెత్తడు. చేసిన మనిషికి అది కొంచెం కష్టంగానే ఉంటుంది. చెప్పుకుంటే నవ్వుతారని గంగయ్య ఎవరికీ చెప్పుకోలేదు.

సుదర్శన్ ఇంటికి కొలతలకు పోయింది వానలు వెనకపట్టిన రోజుల్లో. సుదర్శన్ వనపర్తిలో విత్తనాల దుకాణం నడుపుతాడు. ఊరి చివర కొత్త కాలనీలో ఇల్లు కట్టి, పోయినేడే గృహప్రవేశం చేసుకున్నాడు. సీలింగ్ పని ఒక్కటి మిగిలింది. ఇంట్లో అతను, అతని తల్లి భీమమ్మ, భార్య శైలజ. శైలజకు అప్పటికి ఏడో నెల నిండుతోంది. తొలి కాన్పు కాబట్టి వారంలో తల్లిగారి ఊరు మల్దకల్ పోవాలి.

హాలు కొలతలు అయ్యాక పడకగదిలోకి వెళ్ళారు. అక్కడ స్లాబులో రెండు ఇనుప కొండ్లు వేలాడుతూ కనిపించాయి, ఒకదానికొకటి మూరన్నర దూరంలో. ఫ్యాను కొండి వేరే ఉంది. ఇవి పసిపిల్లల తొట్టెల కట్టడానికని గంగయ్యకు చూడగానే అర్థమైంది.

"ఈ రెండూ కోసెయ్యి మేస్త్రీ. డిజైనుకు అడ్డమొస్తయి," అన్నాడు సుదర్శన్.

"ఎందుకు కోస్తడు?" అంటూ శైలజ నడుం మీద చెయ్యి పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "స్లాబు పోసిన దినం ఎండల నిలవడి పెట్టించిన వాటిని."

"స్టాండు తొట్టెలలు దొరుకుతున్నయి గదా. చక్రాలుంటయి, ఏ రూములకంటే ఆ రూములకు తోస్కపోవచ్చు."

"తోస్కపోనీకె అదేమన్న కూరగాయల బండా? మా తల్లిగారింట్ల అందరం కప్పుకు కట్టిన తొట్టెలల్నే పెరిగినం. నువ్వు చెప్పు కాకా, కొండ్లు ఉంచి సీలింగ్ చెయ్యరాదా?"

ఆ పిల్ల అడిగిన తీరుకు గంగయ్యకు నవ్వొచ్చింది. "ఎందుకు రాదు బిడ్డా. చేసెటోనికి ఓపిక ఉండాలె గంతే," అన్నాడు.

మాట ఇచ్చినంత సులువు కాదు ఆ పని. ఫాల్స్ సీలింగ్ స్లాబుకు జానెడు కింద వేలాడుతుంది, అది బరువు మోయదు. అందుకని కొండ్లకు ఇనుప కడ్డీలు అతికించి, సీలింగ్‌కు రెండు రంధ్రాలు పెట్టి, వాటిలోంచి కిందికి దింపాలి. కడ్డీ అంచుకు తగిలిందా, తొట్టెల ఊగినప్పుడల్లా పగుళ్ళు పారతాయి. ఇదంతా గంగయ్య వివరిస్తుంటే వంటింట్లోంచి భీమమ్మ వచ్చింది.

"పుట్టకముందుకే తొట్టెల ముచ్చట్లేంది? ఇగ చాలు, ఊకోండ్రి," అని కోడలి తల మీద చెయ్యి పెట్టి లోపలికి తీసుకుపోయింది.

ఆ ఇంట్లో అది పట్టింపు. ఆ ఇంట్లో అనేముంది, ఆ చుట్టుపక్కల చాలా ఇళ్ళల్లో అంతే. బిడ్డ భూమ్మీద పడేదాకా ఒక్క వస్తువు కొనరు. అంగీ కుట్టించరు, దిండు చేయించరు. తొట్టెల మాట ఎత్తరు. ఇంట్లో పాత తొట్టెల ఉన్నా ఖాళీగా ఊపితే బిడ్డకు కీడని ఊపనివ్వరు. అందుకే శైలజ కొండ్ల గురించి అంతకుమించి మాట్లాడలేదు. మల్దకల్‌కు కారెక్కే ముందు మాత్రం గంగయ్యకు ఫోన్ చేసి, "కాకా, మరువకు" అని ఒక్క మాట అంది.

మధ్యలో ఇంకో ఇంటి పని తెమిలేసరికి నెల దాటింది. తర్వాత దిగాడు గంగయ్య ఆ పడకగదిలోకి. కడ్డీలు అతికించాడు, ఇనుప జాలీ బిగించాడు, మొదటి పూత పూశాడు. రెండు రంధ్రాల చుట్టూ ఏదో ఒక పువ్వు అచ్చు అతికిద్దామని సంచీలోంచి తీశాడు కూడా. తీసి, చేతిలో పట్టుకుని, అట్లాగే నిలబడిపోయాడు.

ఈ కొండ్ల కింద పడుకునేది ఎవరు? నడక రాని, మాట రాని ఒక పసిగుడ్డు. తల తిప్పడం కూడా రాని మనిషి రోజంతా చూసేది ఏమిటి? కప్పే కదా! తల్లి మొహం వంగినప్పుడే కనబడుతుంది, కప్పు ఎప్పుడూ కనబడుతుంది. ముప్పై ఏళ్ళలో చేసిన వందల సీలింగులను వారం రోజులు చూసి మరిచిపోయినవాళ్ళే అందరూ. ఇన్నాళ్ళకు, తను చేసిన దాన్ని పొద్దున లేచింది మొదలు కళ్ళార్పకుండా చూసే మనిషి ఒకరు రాబోతున్నారు. గంగయ్యకు ఒళ్ళు పులకరించింది.

అచ్చు పక్కన పడేశాడు. "శంకరీ, జర పలచగ కలుపు. చేతితోనే ఎత్తుత," అన్నాడు.

"ఏం ఎత్తుతవు?"

"పిట్టలు."

శంకరమ్మ మొగుణ్ణి ఎగాదిగా చూసింది. నవ్వబోయి మానుకుంది. వాళ్ళ ఇద్దరు కొడుకులూ పెరిగింది ఎవరెవరో కట్టుకుంటున్న ఇళ్ళల్లో, సెంట్రింగు కర్రల మధ్య కట్టిన పాత చీర తొట్టెలలో. వాళ్ళు కళ్ళు విప్పి చూసింది సిమెంటు మరకలే. ఆమెకు అది గుర్తొచ్చిందని గంగయ్యకు తెలిసింది. ఇద్దరూ పనిలో పడ్డారు.

తొమ్మిది రోజులు పట్టింది. ఒక కొండి నుంచి ఇంకో కొండి దాకా తీగె పాకించాడు, ఆకు ఆకుకూ ఈనె తీశాడు. తీగె మీద ఐదు పిట్టలను కూర్చోబెట్టాడు. ఒక చిలుక, ఒక పాలపిట్ట, ఒక గోరింక, ముక్కూ ముక్కూ ఆనించుకున్న రెండు పిచ్చుకలు. ఎత్తు ఎక్కువైతే కింద నుంచి చూసే బిడ్డకు భయం పుడుతుందని ముక్కులు కాస్త మొండిగా చెక్కాడు. దినాం సాయంత్రం సుదర్శన్ ఫోటో తీసి మల్దకల్‌కు పంపేవాడు. కొండ్లు కోయమన్న మనిషే ఇప్పుడు మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూ నిలబడుతున్నాడు.

ఒకరోజు శైలజ ఫోన్ చేసింది. "కాకా, మా లోపలి మనిషికి నీ పిట్టల ముచ్చట దినాం చెప్తున్న. గోరింక పేరు చెప్తే తంతున్నది."

"గోరింక మీద కోపమేమో బిడ్డా."

"కోపం గాదు, ప్రేమ. నా కడుపుల ఉన్నది నాకు తెల్వదా?" అని పకపకా నవ్వింది.

గంగయ్య ఆ నవ్వు రెండు రోజులు చెవుల్లో పెట్టుకుని తిరిగాడు.

అతను జాగ్రత్త మనిషి. పసిబిడ్డను వేలాడదీసే కొండ్లను నమ్మకం మీద వదిలేయడం అతని వల్ల కాదు. పూత ఆరిన రోజు కడ్డీలకు తాడు కట్టి, తాళ్ళకు శంకరమ్మ పాత చీర కట్టి, అందులో పాతిక కిలోల పౌడర్ బస్తా పెట్టాడు. మెల్లగా ఒక ఊపు ఊపాడు. కిర్రుమనలేదు. ఇంకొంచెం గట్టిగా ఊపి, కడ్డీ అంచుకు తగులుతోందేమోనని చెవి పెట్టి విన్నాడు. చప్పుడే లేదు. మొహం విప్పారింది.

అప్పుడే భీమమ్మ చాయ్ గ్లాసులతో లోపలికొచ్చింది. గ్లాసులు అక్కడే నేల మీద పెట్టేసింది.

"ఏం పనయ్యా ఇది! బిడ్డ లేని తొట్టెల ఊపుతరా ఎవరన్న?"

"బస్తా ఉన్నదమ్మా అండ్ల. బరువు ఆగుతదా లేదా అని…"

"బస్తా బిడ్డయితదా? ఆపు, ఆపు ముందు!"

గంగయ్య నవ్వుతూ తాడు పట్టుకుని ఆపాడు. నిజంగానే నవ్వాడు, అందులో ఎగతాళి లేదు, పని కుదిరిందన్న సంతోషం తప్ప. భీమమ్మ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి ఆ గది నాలుగు మూలలా తిప్పి బయట పడేసింది. ఇంటికి పోతుంటే బస్సు ఆత్మకూరు దగ్గరపడ్డాక, "ఒద్దన్నప్పుడు నవ్వకుంట ఉండాల్సుండె నువ్వు," అంది శంకరమ్మ.

ఆరు రోజుల తర్వాత వాళ్ళు పనికి పోయేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. తాళంచెవి పక్కింటి సత్తెమ్మ తెచ్చి ఇచ్చింది. తల్లీకొడుకులు ముందురోజే మల్దకల్ పోయారంది. నొప్పులు మొదలయ్యాయేమోనని గంగయ్య హుషారుగా హాల్లో పైనెక్కాడు. శంకరమ్మ గమేళాలో పౌడర్ కలుపుతోంది. సత్తెమ్మ పోకుండా గుమ్మంలోనే నిలబడింది, చెప్పాలా వద్దా అన్నట్టు.

"మీకు తెల్వదా అక్కా?" అంది చివరికి. "కడుపుల బిడ్డ మెసులుతలేదని గద్వాల దవాఖానకు తీస్కపోయిండ్రంట. గప్పటికే ప్రాణం లేదంట. ఆడపిల్ల. నిన్న మాపటికే పూడ్చిపెట్టిండ్రు."

శంకరమ్మ చెయ్యి గమేళాలోనే ఆగిపోయింది. గంగయ్య స్టూళ్ళ మీద వేసిన చెక్క మీద నుంచుని ఉన్నవాడు అట్లాగే కూర్చుండిపోయాడు. సత్తెమ్మ వెళ్ళిపోయింది. కాసేపటికి చూసుకుంటే గమేళాలో పౌడర్ రాయి అయిపోయింది. ముప్పై ఏళ్ళలో వాళ్ళ చేతుల్లో పౌడర్ అట్లా పాడవడం అదే మొదటిసారి.

నాలుగో రోజు భీమమ్మ తిరిగొచ్చింది. వచ్చీరాగానే చెప్పులైనా విడవకుండా పడకగదిలోకి నడిచి, పైకి చూసింది. గంగయ్య చేతులు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఊపితివి గదా," అంది. గొంతు పెంచలేదు. "నేను ఒద్దన్న. ఒద్దంటె నవ్వినవు. బంగారు బొమ్మ లెక్క ఉండె పిల్ల. నీ చేతులతోని ఊపి పంపిస్తివి."

భీమమ్మ చెడ్డ మనిషి కాదు. మనవరాలిని మట్టిలో పెట్టి వచ్చిన మనిషి, ఆ దుఃఖాన్ని ఎక్కడో ఒకచోట దించుకోవాలి. దేవుణ్ణి అంటే పాపం, కోడల్ని అంటే ఘోరం, దొరికింది మేస్త్రీ. ఇదంతా గంగయ్యకు తెలుసు. తెలిసినా ఆ మాట మేకులా దిగబడింది. అదంతా ఉత్తదే అని పగలు అనుకునేవాడు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోయేసరికి తన చెయ్యి చీరను ఊపడం కళ్ళ ముందు కనిపించి, ముద్ద కంచంలోనే వదిలేసేవాడు. ఎవరు ఏమన్నా భరించేవాడేమో, శైలజ కూడా అట్లాగే అనుకుంటోందేమోనన్న భయమే అతన్ని తినేసింది. ఆమె ఒక్కతి తనను తప్పుపట్టకుంటే చాలు, ఇంకేమీ వద్దనుకున్నాడు.

మర్నాడు సుదర్శన్ వచ్చాడు. గడ్డం మాసింది, కళ్ళు లోపలికి పోయాయి. పడకగదిలోకి రాలేదు, హాల్లోనే గోడకు ఆనుకుని చెప్పాడు.

"అండ్ల ఏదీ ఉండొద్దు మేస్త్రీ. కొండ్లు, తీగె, పిట్టలు, మొత్తం తీసెయ్యి. తెల్లగ సాఫు చేసెయ్యి. ఆమె వచ్చి పండుకోని పైకి చూస్తే ఏమైతది చెప్పు? ఆమె ఫోన్ల ఫోటోలు గూడ తీసేసిన. ఏదీ యాదికి రావొద్దు."

"అట్లనే సార్," అన్నాడు గంగయ్య.

సుదర్శన్ పోయాక శంకరమ్మ లేచి వచ్చింది. "చేయించుకున్నది ఆ పిల్ల. ఆమెను అడగకుంట ఎట్ల తీస్తవు? ఒక్క ఫోన్ చెయ్యి."

"ఏ మొహం వెట్టుకోని చెయ్యాలె?"

"మొహం సంగతి కాదు. ఆమెది గదా అది."

"మగడే చెప్పిండు. మొగుడు పెండ్లాల నడుమ మనమెవరం?"

పైకి అన్న మాట అది. లోపలి మాట వేరే ఉంది. ఆ గదిలోకి పోయినప్పుడల్లా ఆ రెండు కొండ్లు తననే వేలెత్తి చూపుతున్నట్టు ఉండేది గంగయ్యకు. అవి పోతే తన పాపం కూడా కొంత పోతుందనుకున్నాడు. శైలజ కోసం కొట్టేస్తున్నానని అతను తనకు తాను చెప్పుకున్నాడు గానీ, సగం తన కోసమే కొట్టేశాడు. మంచి మనుషులు తప్పు చేసేది ఇట్లాంటప్పుడే. ఎదుటివాళ్ళ మంచికే అనుకుంటారు, ఎదుటివాళ్ళను మాత్రం అడగరు.

ఒక్క పూట పట్టింది. తొమ్మిది రోజుల పని సుత్తి దెబ్బకు పెచ్చులు పెచ్చులుగా ఊడిపడింది. పిచ్చుకలు రెండూ కలిసే పడ్డాయి. కట్టర్‌తో కొండ్లు కోస్తుంటే నిప్పురవ్వలు నెత్తిన రాలుతున్నా అతను గుడ్డ కప్పుకోలేదు. శంకరమ్మ పెచ్చులన్నీ బస్తాల్లో ఎత్తి కాలనీ వెనక గుంతలో పారబోసి వచ్చింది. ఆ వారమే చివరి వాన ఒకటి పడి గుంత నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. పడకగదిలో కొత్త జాలీ, కొత్త పూత, దాని మీద తెల్ల రంగు. ఎక్కడా చిన్న అతుకు కనబడలేదు. గంగయ్య పనితనమంటే అదీ.

శైలజ ఇరవై రోజులకే వచ్చేసింది. బాలింత ఒళ్ళు, మూడు నెలలు ఉండమని తల్లి ఎంత చెప్పినా వినలేదట. నా ఇంటికి నేను పోతానని మొండికేసిందట. కారు ఆగిన చప్పుడు వినేసరికి గంగయ్య హాల్లో అంచులకు పుట్టీ రుద్దుతున్నాడు. కిందికి దిగి, చేతులకు అంటిన తెలుపు లుంగీకి తుడుచుకుంటూ నిలబడ్డాడు.

శైలజ తలకు చెవులు మూసి గుడ్డ కట్టుకుంది, మనిషి సగమైంది. గంగయ్యను చూసి, "బాగున్నవా కాకా," అని మామూలుగా పలకరించింది. ఆ పలకరింపుకే అతనికి ఏడుపొచ్చింది. ఆమె నేరుగా పడకగదిలోకి పోయింది. వెనకే సుదర్శన్, ఆ వెనక భీమమ్మ. గంగయ్య గుమ్మం దాకా పోయి ఆగాడు.

శైలజ గది మధ్యలో నిలబడి తలెత్తింది. అట్లా ఎత్తిన తల చాలాసేపు దించలేదు. ఇటు మూల నుంచి అటు మూల దాకా వెతికింది.

"ఏవి?" అంది.

ఆమె గంగయ్య వైపు తిరిగింది.

"ఏవి కాకా పిట్టలు?"

"నేనే తీయమన్న," అన్నాడు సుదర్శన్. "నువ్వు చూసి బాధపడ్తవని…"

గంగయ్య ఇక ఆగలేకపోయాడు. గడప దాటి వచ్చి రెండు చేతులూ జోడించాడు. ఇన్ని రోజులుగా లోపల కూడబెట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటపడింది. "తప్పయింది బిడ్డా. బరువు ఆగుతదా అని ఊపిన. అమ్మ ఒద్దన్నా ఊపిన. నాకు తెల్వకపాయె. నా వల్లనే గిట్లయిందేమో, నన్ను ఏమన్న అను, అనకుంట మాత్రం ఉండకు."

శైలజకు అతనేం చెబుతున్నాడో అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అత్త మొహం చూసింది, మళ్ళీ అతని మొహం చూసింది.

"నువ్వు ఊపితే ఏమైతది కాకా. పేగు మెడకు సుట్టుకున్నదని డాక్టరమ్మ చెప్పింది. నీకేం సంబంధం?"

ఆ మాట కోసమే కదా ఇరవై రోజులు అతను సరిగా అన్నం తినకుండా ఎదురుచూసింది. వచ్చింది, కానీ ఆ తర్వాతి మాటలు వెంటనే తరుముకొచ్చాయి.

"తీసేటప్పుడు నన్ను ఒక్క మాట అడగకపోతివి?" అంది శైలజ. "వాళ్ళంటే అడగలే. దాని మొహం చూస్త అంటే చూడనియ్యలే, చూస్తే మరువవన్నరు. ఎక్కడ పెట్టిండ్రో చూపియ్యమంటే చూపియ్యలే. ఫోన్ల ఫోటోలు లేవు. పుట్టకముందు ఏదీ కొనొద్దంటే ఒక అంగి గూడ కొనకపోతిని. దానికని ఈ లోకంల చేసింది ఏదన్న ఉన్నదంటే గిదొక్కటే ఉండె. దీన్ని చూద్దామనే నేను ఉరికొచ్చిన."

భీమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. సుదర్శన్ మంచం పట్టె మీద కూలబడ్డాడు. గంగయ్య క్షమించమని అడగడానికి సిద్ధమై వచ్చిన తప్పు అతనిది కాదని తేలిపోయింది. అడగవలసిన తప్పు ఇది.

"మళ్ల చేస్త బిడ్డా," అన్నాడు. "గదే తీగె, గవే పిట్టలు. రేపే మొదలువెడత. ఉన్నది ఉన్నట్టు చేస్త."

"ఎవరికి కాకా?"

ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది. గుమ్మం బయట శంకరమ్మ వెక్కి వెక్కి ఏడవడం వినిపిస్తోంది.

శైలజ మెల్లగా మంచం మీదికి ఒరిగింది. వెల్లకిలా పడుకుని, ఖాళీ కడుపు మీద రెండు చేతులు వేసుకుని, తెల్లటి కప్పును చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి, "ఎట్లెట్ల ఉండెనో చెప్పు," అంది.

గంగయ్య సుదర్శన్ వైపు చూశాడు. చెప్పమన్నట్టు అతను తల ఊపాడు. గంగయ్య మంచం పక్కకు వచ్చి, తలెత్తి, వేలు చూపించాడు.

"గిక్కడ ఒక కొండి ఉండె. దాని పక్కపొంటి తీగె పోయింది, గిట్ల వంకర తిరిగి. గీ వంకర మీద చిలుక. గిక్కడ పాలపిట్ట, రెక్క జర ఇప్పి ఉంటుండె. గిక్కడ పిచ్చుకలు, రెండు." అతని వేలు తెల్లటి పూత మీద ఒక్కో చోట ఆగుతూ జరిగింది. ఏమీ లేని ఆ కప్పు మీదికి సుదర్శన్ కూడా తలెత్తి చూస్తున్నాడు. "గిక్కడ, రెండో కొండికి గీ దిక్కు, గోరింక."

"అటు కాదు కాకా," అంది శైలజ. చెయ్యి ఎత్తి, జానెడు ఇవతలికి చూపించింది. "గోరింక ఇటు ఉండె. పిచ్చుకల దిక్కు మొహం వెట్టి."

గంగయ్య తలెత్తి చూశాడు. తన చేతులతో ఎత్తి, తన చేతులతో కొట్టేసిన పిట్ట. అవును, ఆమె చూపిన చోటే ఉండేది.

"నీకెట్ల యాదున్నది బిడ్డా గింత సక్కగ?"

"దినాం చెప్పిన గదా దానికి," అంది శైలజ.